ఘాటు రాని పొగ

ఆ ఆదివారానికి కనకరాజు వేసుకున్న పథకంలో కంగారు పడాల్సిందేమీ లేదు. ఆరింటికి లేచి మేడెక్కాలి. బకెట్లలో మొక్కలకు నీళ్ళు పోయాలి. తడిగుడ్డతో ఆకులు తుడవాలి. పదకొండింటికి మిద్దెతోటల సంఘం అధ్యక్షురాలు వీరరాఘవమ్మగారు వచ్చేలోగా అన్నిటినీ పొడుగును బట్టి వరసలో పెట్టాలి. మిగిలిన సమయమంతా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వాటి వంక చూస్తూ ఉండాలి. నిజం చెప్పాలంటే పథకంలో ముప్పాతిక వంతు ఆ చివరిదే.

పుష్యమాసపు పొద్దు. కొల్లేటి మీంచి లేచిన మంచు ఏలూరు మీదకు వచ్చి పవర్‌పేట మేడల మధ్య కదలకుండా పడుకుంది. స్టేషన్లో రైలు కూత వేసింది గాని, అది ఇంకేదో ఊళ్ళోంచి వచ్చినంత మెత్తగా వినిపించింది. తలపైన గూడబాతుల గుంపొకటి రెక్కలు ఆడించకుండా మంచులో జారిపోయింది. ముప్ఫై ఒక్క మిరపమొక్కలు, రంగుల బకెట్లలో, నూనె డబ్బాల్లో, పాత సింటెక్స్ ట్యాంకు సగం ముక్కలో, ఆకుల మీద నీటిబొట్లు పెట్టుకుని నిలబడి ఉన్నాయి. కనకరాజు మజ్జిగ గ్లాసు పట్టుకుని వాటి మధ్య కూర్చున్నాడు. మజ్జిగ సంగతి మరిచిపోయి చాలాసేపైంది.

మనిషికి వన్‌టౌన్‌లో పచారీ కొట్టుంది. ముప్ఫై ఏళ్ళుగా ఎండుమిర్చి బస్తాల మధ్యే బతుకు. అలాంటివాడికి మేడ మీద మళ్ళీ మిరపమొక్కలేమిటని మీరు అడుగుతారు. అడగాల్సిందే. రెండేళ్ళ కిందట ఆయన కడుపులో పుండు పడింది. కారం అన్న మాటే ఇంట్లో వినపడకూడదని డాక్టరు అన్నాడు. డాక్టర్లు ఏదో మాటవరసకు అంటారు. ఆయన భార్య సుబ్బలక్ష్మి దాన్ని అక్షరాలా పాటించింది. ఆ సాయంత్రమే ఇంట్లో ఉన్న కారమంతా మిరపకాయ ముక్కతో సహా అవతల పారేసింది. మొగుడు చప్పిడి తింటుంటే తనెలా కారం తింటానని తను కూడా మానేసింది. అప్పటినుంచి ఆ వంటింట్లోకి మిరపకాయ అడుగు పెట్టలేదు. కనకరాజు కలల్లోకి మాత్రం రోజూ వస్తూనే ఉంది. తినొద్దన్నారు గాని పెంచొద్దనలేదు కదా అని ఒక రోజు ఆయనకు తోచింది. ఆ తోచడమే ముప్ఫై ఒక్క బకెట్లయింది.

అందులో రాజు లాంటిది మూలనున్న తెల్లరంగు బకెట్‌లోది. ఫోనులో చూసి తెప్పించుకున్న పొట్లం మీద కపాలం బొమ్మ ఉంది. భూమ్మీద దీన్ని మించిన కారం లేదని కింద రాసి ఉంది. ఇరవై గింజలు వేస్తే ఒకటే మొలిచింది. అది పెరిగి, ముడతలు పడ్డ ఎర్రటి కాయలు కాసింది. వీధిలో కనపడ్డవాళ్ళందరికీ కనకరాజు దాని మహిమ చెప్పాడు. ఒక్క కాయ నలిపితే ఇల్లు ఖాళీ చేయాల్సిందే అన్నాడు. రబ్బరు తొడుగులు లేకుండా దాని దగ్గరకు వెళ్ళేవాడు కాదు. కపాలం బొమ్మ చూశాక కొరికి చూసే ధైర్యం వీధిలో ఎవరికీ లేకపోయింది. ఆయనకెటూ డాక్టరు అడ్డం. మొదటి కాపు ఐదు కాయలను గింజల కోసం పళ్ళెంలో ఆరబెట్టి నీళ్ళ ట్యాంకు పక్కన పెట్టాడు. చెట్టు మీద ఇంకో పదకొండు ఉన్నాయి.

సుబ్బలక్ష్మికి మొక్కల మీద పగేమీ లేదు. ఆవిడ పగంతా వంటింటి కప్పు మీద. మేడ మీద పోసిన నీళ్ళు స్లాబులోకి ఇంకి, కింద సరిగ్గా పొయ్యి మీదకు చుక్కలు చుక్కలుగా దిగుతున్నాయి. పప్పు గిన్నె మీద గొడుగు పట్టుకుని ఎన్నాళ్ళు గరిటె తిప్పమంటారని ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. సోమవారం మేస్త్రీ జగ్గారావు వచ్చి స్లాబుకు మందు పూస్తాడు. ఆలోగా బకెట్లన్నీ పెదవేగిలో ఆవిడ తమ్ముడి పామాయిల్ తోటకు చేరాలి. కనకరాజు బతిమాలగా బతిమాలగా ఒక్క మినహాయింపు ఇచ్చింది. సంఘం వాళ్ళ పోటీలో మొదటి బహుమతి గనక వస్తే బకెట్లు ఇక్కడే ఉండొచ్చు, జగ్గారావుకు తనే ఏదో ఒకటి చెప్పుకుంటుంది. రాకపోతే పెదవేగే. ట్రాలీ ఆటో తోలే ఎలీయాజరుకు ఆదివారమే రమ్మని ఆవిడ ముందుగానే చెప్పి పెట్టింది కూడా.

అందుకని ఆ పొద్దున్న కనకరాజు ఆశంతా కపాలం మిరప మీదే ఉంది. వీరరాఘవమ్మగారు దాన్ని చూస్తారు. ముక్కున వేలేసుకుంటారు. సభలో దండ వేస్తారు. దండ వేసేటప్పుడు ఎటు తిరిగి నిలబడాలన్న దాని గురించి ఆయన ఆలోచిస్తున్నాడు. పక్కన ఎవరో ఏదో అన్నారు. "ఊఁ" అన్నాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు దిగిపోయింది. దండ బంతిపూలదా, మల్లెపూలదా అన్నది తేలేసరికి ఇంకో పది నిమిషాలు పట్టింది. అప్పుడు ట్యాంకు వైపు చూశాడు. పళ్ళెం ఉంది. కాయలు లేవు.

తన నోటి నుంచి వచ్చిన ఆ "ఊఁ" ఇప్పుడు మెల్లగా ఆయన చెవికి చేరింది. దాని ముందున్న మాటలు కూడా ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. "ఒరేయ్ తమ్ముడూ, మీ ఇంట్లో దిష్టి తీయడానికి ఒక్క మిరపకాయ లేదేమిట్రా. ఇవి తీసుకెళ్తున్నా." అది ఆయన అక్క సుందరమ్మ గొంతు. ఆవిడది పెదపాడు. కూతురు ఉదయశ్రీకి పుట్టిన ఐదు నెలల పిల్లాడికి టీకా వేయించడానికి నిన్న అందరూ కలిసి ఏలూరు వచ్చారు. తెల్లారినప్పటి నుంచి పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

కనకరాజు మెట్లు దిగలేదు, మెట్ల మీంచి పడ్డాడనడమే నయం. వసారాలో పిల్లాడి సాంబ్రాణి కోసం వెలిగించిన కుంపటి ఎర్రగా మండుతోంది. సుందరమ్మ గుప్పిట్లో ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని, పిల్లాడి చుట్టూ మూడుసార్లు తిప్పేసి, కుంపటి మీద చెయ్యి చాపి ఉంది.

"అక్కా, ఆగు. అవి మామూలు మిరపకాయలు కావు."

"దిష్టి కూడా మామూలుది కాదురా," అని సుందరమ్మ గుప్పిట విప్పింది.

ఐదు కాయలూ నిప్పుల్లో పడ్డాయి. ఆ తరువాత ఆయన చేసిన పనులన్నీ కలలో ఎవరో చేయించినట్టు వాటంతటవే జరిగిపోయాయి. పిల్లాడితో సహా ఉదయశ్రీని వీధిలోకి తోశాడు. సుబ్బలక్ష్మి చేతికి తడి తువ్వాలు ఇచ్చి ముక్కుకు కట్టుకోమన్నాడు. వీధిలో ప్రతి తలుపూ కొట్టాడు. "కిటికీలు వేసుకోండి. గ్యాసు ఆపేయండి. తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని బయటికి వచ్చేయండి. కపాలం మిరప కుంపట్లో పడింది." ఆర్నెల్లుగా దాని మహిమ విన్నవాళ్ళే అందరూ. ఎవరూ రెండో మాట అడగలేదు. రెండు నిమిషాల్లో వీధి వీధంతా ముక్కులకు గుడ్డలు కట్టుకుని మంచులో నిలబడింది. ఎదురింటి కామేశ్వరి ఇంట్లో దొరికిందల్లా కట్టుకుంది, అది దిండు గలీబు.

సుందరమ్మ మాత్రం కుంపటి దగ్గరనుంచి కదలలేదు. దిష్టి తీసిన మనిషి మధ్యలో లేవకూడదట. నీలంగా, సన్నగా పొగ లేచింది. వసారా దాటి గేటు దాటి వీధిలోకి వచ్చింది. మంచులో కలిసి అందరి తలల మీదుగా తీరిగ్గా పోయింది. అందరూ ఊపిరి బిగబట్టారు. ఎంతసేపని బిగబడతారు. ఒకరి తరువాత ఒకరు వదిలారు, పీల్చారు. ఒక్కరూ దగ్గలేదు. ఒక్కరూ తుమ్మలేదు. కామేశ్వరి దిండు గలీబు దించి గట్టిగా పీల్చి చూసింది. కాలిన కూరగాయ వాసన తప్ప ఏమీ లేదు.

"ఏరా," అంది సుందరమ్మ లోపలి నుంచి, చాలా నెమ్మదిగా. "ఇవి అంత కారం అన్నావు. నిజమేనా?"

"నిజమే అక్కా."

"ఐదు వేశాను. ఘాటు రాలేదు."

దిష్టి తీసిన మిరపకాయలు నిప్పుల్లో పడ్డప్పుడు ఘాటొచ్చి అందరూ దగ్గితే దిష్టి లేనట్టు. ఘాటు రాలేదంటే దాన్నంతా దిష్టి మింగేసినట్టు. ఇది ఆ వీధిలో అందరికీ తెలిసిన లెక్క. మామూలు మిరపకాయ ఘాటును మింగితే మామూలు దిష్టి. కపాలం బొమ్మ వేసుకున్న మిరపకాయలు ఐదింటిని కిక్కురుమనకుండా మింగేసిందంటే అది ఎలాంటి దిష్టి అయ్యుండాలి? అందరికన్నా ఎక్కువ భయపడింది కనకరాజే. ఆ కాయల బలం తెలిసినవాడు తనొక్కడే కదా. అరుగు మీద కూలబడ్డాడు.

అదే సమయానికి పిల్లాడు ఏడుపు ఆపి నిద్రపోయాడు. టీకా వేసిన నర్సు ఇచ్చిన చుక్కల మందు ఉదయశ్రీ అరగంట కిందటే వేసింది. "చుక్కలు పనిచేసినట్టున్నాయి మావయ్యా," అని చెప్పబోయింది గాని, వీధిలో వాళ్ళు దణ్ణాలు పెట్టుకునే హడావుడిలో ఆ పిల్ల మాట ఎవరికీ వినపడలేదు.

"ఇంతకీ ఎవరి కన్నంటారు వదినగారూ?" అంది సుబ్బలక్ష్మి.

సుందరమ్మ ఆలోచించింది. నిన్న సాయంత్రం పిల్లాణ్ణి ఎత్తుకుని గోడ దగ్గర నిలబడితే, పక్కింటి మంగాయమ్మగారు గోడ మీంచి తొంగిచూసి, "అమ్మో, బూరెలా ఉన్నాడండీ," అన్నారు. సుందరమ్మ ఆ మాట పైకి అనలేదు. పక్కింటి గేటు వైపు ఒక చూపు చూసింది, అంతే. వీధిలో ఉన్న తలలన్నీ అటే తిరిగాయి.

మంగాయమ్మగారు కూడా ముక్కుకు చెంగు కట్టుకుని అక్కడే నిలబడి ఉన్నారు. భర్త రైల్వేలో గార్డు. వారంలో నాలుగు రోజులు రైల్లోనే ఉంటాడు. ఆ వీధిలో ఆవిడ మాట ఎవరూ లెక్కచేసింది లేదు. నీడ బాగా ఉంటుందని అందరూ ఆవిడ గేటు ముందే స్కూటర్లు పెట్టేవాళ్ళు. "కాస్త తీయండి బాబూ," అని ఆవిడ ఆరేళ్ళుగా అడుగుతూనే ఉన్నారు. పంపు దగ్గర చివరి బిందె కూడా ఎప్పుడూ ఆవిడదే. ఇప్పుడు ఇన్ని కళ్ళు ఒక్కసారి తన మీద పడేసరికి ఆవిడ ఒక అడుగు వెనక్కి వేశారు. చెంగు దించి, లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ కామేశ్వరి, "కనకరాజుగారూ, మా కొత్త వాషింగ్ మెషీన్ రెండో రోజే ఆగిపోయిందండీ. దానికి కూడా ఓసారి తీయించరూ," అంది.

"మెషీన్‌కి దిష్టేమిటమ్మా?"

"మొన్న మంగాయమ్మగారు చూసి బాగుందన్నారండీ."

కనకరాజు మేడ వైపు చూశాడు. చెట్టు మీద ఉన్నవి పదకొండే. తీర్పు పదకొండింటికి. కానీ ముప్ఫై ఏళ్ళుగా కొట్లో కూర్చున్న మనిషి. సరుకు ఎదురుగా ఉండగా గుమ్మంలోకి వచ్చినవాళ్ళతో "లేదు" అనే మాట ఆయన నాలుక తిరిగి ఎరగదు. వెళ్ళి ఒక కాయ కోసుకొచ్చాడు. మెషీన్ చుట్టూ తిప్పి నిప్పుల్లో వేశారు. చిటపటలాడింది. ఘాటు రాలేదు. కామేశ్వరి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

ఇంక చెప్పాలా. ఒకరి మోకాలి నొప్పికి, ఒకరి ఇంట్లో పాలు పదేపదే విరిగిపోవడానికి, ఒకరికి రెండేళ్ళుగా సంబంధం కుదరకపోవడానికి, మూలింటివాళ్ళ టీవీకి. కనకరాజు మెట్లెక్కుతున్నాడు, దిగుతున్నాడు. కోసిన ప్రతి కాయకూ తన పన్నొకటి ఊడినట్టే ఉంది. ఘాటు మాత్రం ఒక్కదానికీ రాలేదు. పదింటికల్లా వీధిలో దిష్టి లేని ఇల్లు లేదని తేలింది. వెతికితే ప్రతి ఇంటినీ మంగాయమ్మగారు ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉన్నారు. ఇరవై ఏళ్ళుగా అదే వీధిలో ఉన్న మనిషి చూడకుండా ఎలా ఉంటారు?

బకెట్లు తీసుకెళ్ళడానికి ఎలీయాజరు ట్రాలీ ఆటోతో ముందుగానే వచ్చాడు. సంగతంతా విని, తల గోక్కుని, కనకరాజును పక్కకు పిలిచాడు.

"మాకు ఇలాంటివి లేవండి. మా పాస్టరుగారు వింటే కోప్పడతారు. కానీ కొత్త బండండి, నెలలో మూడుసార్లు టైరు పోయింది."

"మరి నీకు నమ్మకం లేదంటున్నావు కదయ్యా."

"నాకు లేదండి. ఆటోకి ఏముంటుందో నాకేం తెలుసండి."

ఆటోకూ తీశారు. ఘాటు రాలేదు. ఎలీయాజరు ఆటోను వెనక్కి నడిపించుకెళ్ళి, దాని ముఖం మంగాయమ్మగారి ఇంటివైపు లేకుండా తిప్పి పెట్టాడు.

పదిన్నరకు మంచు పలచబడి పాలరంగు ఎండ వచ్చింది. కనకరాజు పిట్టగోడ మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు. చెట్టు మీద ఒకే ఒక్క కాయ, ఆకు కింద దాక్కుని మిగిలింది. కింద మంగాయమ్మగారి గేటు కిర్రుమంది. ఆవిడ సంచి పట్టుకుని కూరలకు బయలుదేరారు. ఆవిడ చూపు పడిందో లేదో, గేటు ముందున్న స్కూటర్లను ముగ్గురు పరుగెత్తుకొచ్చి తీసేశారు. అరుగుల మీదివాళ్ళు లోపలికి వెళ్ళారు. ఆవిడ వీధి మధ్యలో ఒక్కతే, ఆ తెల్లటి వెలుగులో, చాలా నెమ్మదిగా నడిచి వెళ్ళారు. వచ్చేటప్పుడు సంచి పైదాకా నిండి ఉంది. గేటు దగ్గర ఆగి, ఖాళీగా ఉన్న ఆ చోటును చూస్తూ చాలాసేపు నిలబడి, చెంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. పైనుంచి చూస్తున్న కనకరాజుకు ప్రాణం ఉసూరుమంది. అయ్యో పాపం, ఒక్క పూటలో ఆ ఇల్లాలిని వెలేశామే అనుకున్నాడు.

సరిగ్గా పదకొండింటికి వీరరాఘవమ్మగారు వచ్చారు. మహిళా కళాశాలలో ముప్ఫై ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. కళ్ళజోడు పైకి తోసి చూశారంటే మొక్క కూడా నిటారుగా నిలబడాలి. ముప్ఫై బకెట్లు చూసి తల ఊపారు. ముప్ఫై ఒకటో దాని దగ్గర ఆగారు.

"కాయలేవండీ?"

"ఒకటుందండీ. ముట్టుకోకండి, తొడుగులు తెస్తాను," అని కనకరాజు వెనక్కి తిరిగాడు. కరుక్కున చప్పుడైంది. తిరిగి చూసేసరికి సగం కాయ ఆవిడ నోట్లో ఉంది.

ఆవిడ నమిలారు. ఆలోచించారు. ఇంకాస్త నమిలారు.

"బాగుందండీ. తియ్యగా ఉంది."

"తియ్యగానా?"

"ఇది ఘాటు రకం కాదండీ. చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది. మొక్కా అంతే, కాయా అంతే. కారం మాత్రం ఉండదు. గింజలు పొట్లం కట్టేటప్పుడు కలిసిపోయి ఉంటాయి," అని మిగిలిన సగం ఆయన చేతిలో పెట్టారు.

రెండేళ్ళైంది. కనకరాజు దాన్ని కాసేపు అలాగే పట్టుకుని చూశాడు. తరువాత నోట్లో వేసుకున్నాడు. పలచటి తోలు పంటి కింద టప్పున తెగింది. మిరప వాసన ముక్కుకెక్కింది. చిన్నప్పుడు పెదపాడు పెరట్లో నాయనమ్మ చాప మీద కాయలు ఆరబోసి, కాకులు రాకుండా చూస్తూ ఉండమంటే, తను ఆ చాప పక్కనే నిద్రపోయిన మధ్యాహ్నాల వాసన. దాని వెనకాల రావాల్సిన మంట కోసం ఆయన కళ్ళు మూసుకుని ఎదురు చూశాడు. అది రాలేదు. దోరజామపండు లాంటి తీపి ఒకటి వచ్చి నాలుక మీద కూర్చుంది. ఆర్నెల్లు కన్న కల అంతా అబద్ధమని దుఃఖం వచ్చింది. ఆ తీపి బాగుందని కూడా అనిపించింది. రెండూ కలిసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వీరరాఘవమ్మగారు అది చూసి గొంతు తగ్గించారు. "బాధపడకండి. ఘాటు మిరప విభాగంలో మీరు తప్ప ఇంకెవరూ పేరు ఇవ్వలేదు. మొక్కల్ని బ్రహ్మాండంగా పెంచారు. మొదటి బహుమతి మీదేనని రాసేశాను. నేను కొరికి చూసిన సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు."

కనకరాజు పిట్టగోడ మీంచి కిందకు చూశాడు. మంగాయమ్మగారు ఇంకా గేటు దగ్గరే ఒంటరిగా నిలబడి ఉన్నారు. నోరు మూసుకుంటే బహుమతి వస్తుంది. బకెట్లు ఉంటాయి. పక్కింట్లో మంగాయమ్మగారూ ఉంటారు, చెడ్డకన్ను అన్న పేరుతో, బతికినన్నాళ్ళు. తను రోజూ పొద్దున్నే ఈ కుర్చీలో కూర్చుని మొక్కల్ని చూసుకుంటాడు, ఆవిడ తలుపేసుకుని లోపల కూర్చుంటారు. ఆ ఊహతో నోట్లో తీపి చేదైపోయింది. ముప్ఫై ఒక్క బకెట్ల వంక ఒక్కసారి కలయజూసి, ఆయన మెట్లు దిగాడు.

వీధి మధ్యలో నిలబడి అందరినీ పిలిచాడు. పొద్దున్న వీధినంతా లేపిన మనిషి మళ్ళీ పిలిచేసరికి అందరూ వచ్చారు.

"తప్పు నాదండీ. ఆ మిరపకాయల్లో ఘాటే లేదు. ఇప్పుడే తిన్నాను, జామపండులా ఉంది. అందుకే పొగలో ఘాటు రాలేదు. ఎవరికీ దిష్టి లేదు. మంగాయమ్మగారి కంట్లో ఏ దోషమూ లేదు. రుచి చూడకుండా గొప్పలు చెప్పుకుని అందరినీ భయపెట్టాను. అమ్మా, నన్ను క్షమించాలి."

ఆయన వెనకాలే దిగివచ్చిన వీరరాఘవమ్మగారు నిట్టూర్చి చేతిలోని కాగితం మీద పేరు కొట్టేశారు. "ఎంత పని చేశారండీ. ఇందరి ముందు చెప్పాక ఘాటు విభాగంలో ఎలా ఇవ్వమంటారు?" అన్నారు. సుబ్బలక్ష్మి మొగుడి వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది. కానీ మాట మాటే. "ఎలీయాజరూ, వెళ్ళి ఒక్కొక్కటే దించు నాయనా," అంది. ఎలీయాజరు మేడెక్కి తెల్లరంగు బకెట్‌నే ముందుగా భుజాన వేసుకుని దిగాడు.

దిష్టి లేదని తెలిశాక వీధి తేలికపడింది. కామేశ్వరి మొగుడు ఈల వేసుకుంటూ స్కూటరు నడిపించుకొచ్చి, ఎప్పటిలాగే మంగాయమ్మగారి గేటు ముందు స్టాండు వేయబోయాడు.

"ఆగండి," అన్నారు మంగాయమ్మగారు.

ఆవిడ గొంతు అంత స్పష్టంగా ఉంటుందని ఆ వీధికి అంతకుముందు తెలియదు.

"కనకరాజుగారూ, మీ కాయల్లో ఘాటు లేదని ఎవరన్నారండీ? ఉండేది. ఆర్నెల్లుగా రోజూ పొద్దున్నే గోడ మీంచి చూస్తున్నాను. ఎంత బాగున్నాయో అనుకుంటూనే ఉన్నాను. కాయలు ఎర్రబడ్డాక పైకే అన్నాను కూడా. ఇంకా ఘాటెక్కడ మిగులుతుంది చెప్పండి."

"అయ్యో, అది కాదండీ, విత్తనమే వేరు..." అని కనకరాజు ఏదో చెప్పబోయాడు. మంగాయమ్మగారు ఆయన వంక చూసి, ఎవరికీ కనపడకుండా తల అడ్డంగా ఊపారు. కళ్ళు మిలమిల మెరుస్తున్నాయి. ఇందాక గేటు దగ్గర చెంగుతో ఒత్తుకున్నది ఎలాంటి కన్నీళ్ళో ఆయనకు అప్పుడర్థమైంది. నోరు మూసుకున్నాడు. వీరరాఘవమ్మగారు పొట్లాల గురించీ రకాల గురించీ శాస్త్రీయంగా వివరించసాగారు గాని, వినేవాళ్ళెవరూ లేరు. స్కూటరు అప్పటికే వీధి చివరకు చేరిపోయింది.

"చూశావురా," అంది సుందరమ్మ తమ్ముడితో. "కపాలం మిరపను జామపండు చేసింది."

సుబ్బలక్ష్మి ఏదో లెక్క వేసుకుంటోంది. "వదినగారూ, ఆర్నెల్లుగా ఆవిడ చూపంతా మా బకెట్ల మీదే పడిందన్నమాట. అందుకే మా ఇంట్లో ఒక్క గిన్నె పగల్లేదు. ఇప్పుడు అవి తీసేస్తే చూపు ఎక్కడ పడుతుంది?"

"తిన్నగా మీ వంటింటి కిటికీ మీదండి," అన్నాడు ఎలీయాజరు, బకెట్ భుజానే ఉంచుకుని.

"పైకి తీసుకెళ్ళు నాయనా," అంది సుబ్బలక్ష్మి. "ఆవిడ గోడవైపు, బాగా కనపడేట్టు పెట్టు. జగ్గారావుకు నేనేదో ఒకటి చెప్పుకుంటాను. అటు వెళ్ళినప్పుడు తాడేపల్లిగూడెం నర్సరీల నుంచి ఇంకో పది మొక్కలు తెచ్చే వీలుందేమో చూడు."

"మాకూ ఆరు," అంది కామేశ్వరి వెంటనే. మూలింటివాళ్ళు ఎనిమిదన్నారు. ఎలీయాజరు గూడేనికి ఆ వారంలో నాలుగుసార్లు వెళ్ళాడు. తొమ్మిదేళ్ళుగా సంఘం వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి ఒక్క తొట్టి పెట్టమని బతిమాలితే ఎవరూ వినని ఆ పేటలో, మేడ మేడకూ తోట లేచింది. అన్ని తోటలూ ఒక ఇంటివైపే తిరిగి ఉన్నాయి. కనకరాజు మాత్రం తన కుర్చీలో, తన మంచులో, మునుపటిలాగే కూర్చుంటున్నాడు. మంగాయమ్మగారు గోడ మీంచి కనపడితే లేచి నమస్కారం పెడుతున్నాడు.

ఉగాదికి మిద్దెతోటల సంఘం సభ పెట్టి, పవర్‌పేటలో మొక్కల పెంపకానికి అందరికన్నా ఎక్కువ కృషి చేసినందుకు మొదటి బహుమతి మంగాయమ్మగారికి ఇచ్చింది. ఆవిడ ఇంట్లో ఇప్పటికీ ఒక్క మొక్క లేదు.